పారేసినవే దక్కాయి

మా అబ్బాయి ఉండేది మాల్మోలో. స్వీడన్‌కి దక్షిణపు కొస అది. సముద్రం మీద కట్టిన వంతెన దాటితే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్. 2024 ఆగస్టులో మేమిద్దరం వెళ్ళేసరికి అబ్బాయికీ ఆఫీసే, కోడలికీ ఆఫీసే. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వాన చూడడమెందుకని ఆరు రోజులు వైకింగుల వెంట పడ్డాం.

నేను మచిలీపట్నంలో ఇరవయ్యేడేళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పాను. ఆ పాఠాల్లో వైకింగుల గురించి ఒక్క పేరా కూడా లేదు. మావారిది బ్యాంకు ఉద్యోగం. ఆయనకు తెలిసిన వైకింగు ఒక్కడే: గడ్డం, గొడ్డలి, నెత్తిన కొమ్ముల టోపీ. “ఆ టోపీ అసలుది ఒక్కటి చూపించు, చాలు” అన్నారు బయల్దేరేముందు. ఓసెబర్గ్ అనే వైకింగ్ ఓడ ఉన్న ఓస్లో మ్యూజియాన్ని 2022లోనే మూసి, అప్పటికింకా కొత్తగా కడుతున్నారు కాబట్టి నార్వే వదిలేశాం. డెన్మార్క్, స్వీడన్ చాలనుకున్నాం.

వైకింగుల కాలమంటే సుమారుగా క్రీ.శ. 8వ శతాబ్దం చివర్నుంచి 11వ శతాబ్దం మధ్య దాకా. అప్పుడు మన వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు.

మంగళవారం, కోపెన్‌హేగన్

డేనిష్‌లో మంగళవారాన్ని ‘టిర్స్‌డా’ అంటారు. టిర్ అనే యుద్ధదేవుడి రోజు. రోము వాళ్ళకు మార్స్, మనకు కుజుడు, వీళ్ళకు టిర్. వారం ఒక్కటే, కూర్చున్న దేవుడే మారాడు. ఈ టిర్ ఫెన్రిర్ అనే తోడేలు నోట్లో చెయ్యి పెట్టి పోగొట్టుకున్నాడు. దేవతలు దాన్ని మాయ తాడుతో కట్టేసేటప్పుడు నమ్మకం కోసం హామీగా పెట్టిన చెయ్యి అది. “ష్యూరిటీ సంతకం పెట్టినవాడి గతి ఎప్పుడూ అంతే” అన్నారు మావారు, బ్యాంకు గుర్తొచ్చి.

డెన్మార్క్ నేషనల్ మ్యూజియంలో మొదట చూసింది సూర్యరథం. 1902లో ట్రుండ్‌హోల్మ్ అనే చోట చిత్తడి నేలను తొలిసారి దున్నుతుంటే నాగలికి తగిలింది. క్రీ.పూ. 1400 నాటిదంటారు, అంటే వైకింగులకు రెండు వేల ఏళ్ళు పైమాటే. కంచు గుర్రం, దాని వెనక పళ్ళెమంత బిళ్ళ. బిళ్ళకు ఒక వైపు బంగారు రేకు తాపడం చేశారు, రెండో వైపు చేయలేదు. పగలు తూర్పు నుంచి పడమరకు పోయేటప్పుడు బంగారు వైపు కనిపిస్తుందనీ, రాత్రి వెనక్కి వచ్చేటప్పుడు చీకటి వైపు కనిపిస్తుందనీ పండితుల ఊహ. నాకు అరసవల్లి గుర్తొచ్చింది. మన సూర్యుడి రథానికి చక్రం ఒకటి, గుర్రాలు ఏడు. వీళ్ళది తిరగేసినట్టుంది: గుర్రం ఒకటి, చక్రాలు ఆరు. తర్వాతి కాలపు కథల్లో సూర్యుణ్ణి లాగే గుర్రాలు రెండయ్యాయి, వెంటాడి మింగడానికి ఒక తోడేలు కూడా వచ్చి చేరింది. రాహువు పని అక్కడ తోడేలు చేస్తుంది.

ఆ రథాన్ని అప్పట్లో ఎవరో కావాలనే బురదలో వేశారు, దేవుడికి సమర్పణగా. మనం గోదావరిలో రూపాయి బిళ్ళ వేసినట్టే, కాకపోతే వాళ్ళు ఇల్లు అమ్మితే వచ్చేంత విలువైనదాన్ని వేశారు.

తర్వాతి గదుల్లో మావారి కోరిక తీరినట్టే తీరి తీరలేదు. కంచు శిరస్త్రాణాలు రెండు, ఎద్దు కొమ్ముల్లా వంపు తిరిగిన పొడుగాటి కొమ్ములతో మెరుస్తున్నాయి. “ఇవిగో!” అని ఆయన ఫోన్ తీశారు. పక్కనున్న వివరం చదివాను. 1942లో వెక్సో అనే ఊరి దగ్గర పీట్ తవ్వుతుంటే దొరికాయి. పీట్ అంటే ఆ చిత్తడి మట్టే. ఎండబెట్టి మన పిడకల్లా పొయ్యిలో వాడేవారు. కాలం సుమారు క్రీ.పూ. 900. అంటే ఇవీ వైకింగులవి కావు. వైకింగుల కాలపు శిరస్త్రాణాల్లో దాదాపు పూర్తిగా దొరికినవి చాలా తక్కువ, వాటిలో పేరున్నది నార్వేలోని యెర్ముండ్‌బూలో బయటపడినది. దానికి కొమ్ముల్లేవు, కళ్ళ చుట్టూ కళ్ళజోడు లాంటి ఇనప చట్రం ఉంటుంది. మరి కొమ్ములెక్కడివి? 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకాలు ఆడినప్పుడు దుస్తులు గీసిన డోప్లర్ అనే చిత్రకారుడు నటుల నెత్తిన పెట్టాడు. అప్పట్నుంచి ఆ కొమ్ములు ఊడలేదు. మన రావణుడి వేషం చూసి లంకలో అందరూ అలాగే ఉండేవారనుకున్నట్టు.

ఇక నేను చూడాలనుకున్న కొమ్ములు వేరే. గాలెహూస్ బంగారు కొమ్ములు. 5వ శతాబ్దం నాటివి. మొదటిది 1639లో ఓ అమ్మాయికి దారిలో కాలికి తగిలింది. రాజు దాన్ని యువరాజుకిస్తే, ఆయన బిరడా చేయించుకుని అందులో మద్యం తాగాడట. రెండోది సుమారు వందేళ్ళ తర్వాత, 1734లో, అక్కడికి దగ్గర్లోనే బంకమన్ను తవ్వుతున్న రైతుకు దొరికింది. ఈ రెండో దాని అంచున ఇక్కడి వాళ్ళ పాత లిపి రూన్‌లో ఒక వాక్యం: ‘హోల్ట్ వాడైన హ్లేవగాస్ట్ అనే నేను ఈ కొమ్ము చేశాను’. అక్షరం వచ్చినవాడు పనివాడై, తన పేరు తనే చెక్కుకున్నాడు.

రెండూ రాజుగారి ఖజానాలో భద్రంగా ఉండేవి. 1802 మే 4 రాత్రి నీల్స్ హైడెన్‌రైక్ అనే కంసాలి దొంగ తాళంచెవులతో లోపలికెళ్ళి ఎత్తుకుపోయి, ఇంట్లో కరిగించేశాడు. పట్టుబడింది ఎలాగనుకున్నారు? ఆ బంగారంలో కల్తీ కలిపి దొంగ పగోడాలు ముద్రించి అమ్మాడు. పగోడా అంటే ఏదో కాదు, మన వరహా! అప్పట్లో తమిళ తీరంలోని తరంగంబాడి డేనిష్ వాళ్ళ స్థావరం, దక్షిణాది వరహాలు కోపెన్‌హేగన్ అంగళ్ళకు కొత్త కావు. పన్నెండు వందల ఏళ్ళు పైగా మట్టిలో నిలిచిన కొమ్ములు, రాజుగారి కాపలాలో రెండు వందల ఏళ్ళు కూడా గడవకుండా వరహాలైపోయాయి. మ్యూజియంలో ఉన్నవి పాత బొమ్మలు చూసి చేసిన నకళ్ళు. 2007లో యెల్లింగ్‌లో పెట్టిన మరో జత నకళ్ళను కూడా దొంగలెత్తుకుపోయారు; అవి మాత్రం కొద్దిరోజులకే దొరికాయి.

నాకు మా నానమ్మ కాసులపేరు జ్ఞాపకమొచ్చింది. పెట్టెలో, పెట్టె బీరువాలో, బీరువా తాళం బొడ్లో. చివరికి మా చిన్నత్త పెళ్ళికి కరిగించి చంద్రహారం చేయించారు. కాసుల మీద బొమ్మ ఎవరిదో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

బయటికొచ్చే ముందు ఇంకో వస్తువు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మెత్తని రాతిలో తొలిచిన అచ్చు, ట్రెండ్‌గార్డెన్‌లో దొరికింది. 10వ శతాబ్దం. ఒకే రాతిలో శిలువ పోత పోయడానికీ గుంట ఉంది, పాత దేవుడు థోర్ సుత్తి పోయడానికీ గుంట ఉంది. ఊరు సగం కొత్త మతంలోకి మారి సగం మారని రోజులు. కంసాలికి మాత్రం ఇద్దరూ ఖాతాదార్లే.

సాయంత్రం రేవు దగ్గర గెఫియన్ ఫౌంటెన్‌కి వెళ్ళాం. అండర్స్ బుండ్‌గార్డ్ చేసిన శిల్పం, 1908లో పెట్టారు. ఓ దేవత కొరడా ఝళిపిస్తూ నాలుగు ఎద్దుల్ని అదిలిస్తుంటుంది. ఎద్దుల ముక్కుల్లోంచి నీళ్ళు చిమ్ముతుంటాయి. కథేమిటంటే, స్వీడన్ రాజు గిల్ఫి ఆమెకు ఒక పగలూ రాత్రిలో నాలుగెడ్లు దున్నినంత నేల ఇస్తానన్నాడు. ఆమె రాక్షసుడికి కన్న నలుగురు కొడుకుల్నీ ఎడ్లుగా మార్చి, నేలను వేళ్ళతో సహా పెకలించి సముద్రంలోకి లాక్కుపోయింది. అదే కోపెన్‌హేగన్ ఉన్న దీవి. స్వీడన్‌లో మిగిలిన గుంట మెలారెన్ సరస్సు. అచ్చంగా వామనుడి మూడడుగులే. బలి చక్రవర్తి లాగే గిల్ఫి కూడా అడిగినవాళ్ళ సైజు చూసి మోసపోయాడు.

బుధవారం, రోస్కిల్డె

బుధవారం ఓడిన్‌ది. జ్ఞానం కోసం కన్ను ఇచ్చేసిన దేవుడు. ఆయన సంగతి తర్వాత, ఈ రోజు ఓడలది.

కోపెన్‌హేగన్ నుంచి రోస్కిల్డెకి రైల్లో అరగంట. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డునే వైకింగ్ ఓడల మ్యూజియం. లోపల ఐదు ఓడలున్నాయి, వాటి నంబర్లు 1, 2, 3, 5, 6. “నాలుగేదీ?” అని మావారు లెక్క తప్పిన క్యాషియర్లా రెండుసార్లు తిరిగొచ్చారు. తవ్వినప్పుడు నాలుగో ఓడ అనుకున్నది రెండో ఓడలోని భాగమేనని తర్వాత తేలింది. అప్పటికే నంబర్లు రాసేశారు, అలాగే ఉంచేశారు.

ఇవి మునిగిపోయిన ఓడలు కావు, ముంచిన ఓడలు. సుమారు 1070లో శత్రువులు సముద్రం మీంచి రోస్కిల్డె మీదికి రాకుండా, స్కుల్డెలెవ్ దగ్గర సన్నటి నీటి దారికి అడ్డంగా, పాతబడిన ఓడల్లో రాళ్ళు నింపి ముంచేశారు. చేపలు పట్టేవాళ్ళకు అక్కడేదో ఉందని తెలుసు. పూర్వం డెన్మార్క్‌ని ఏలిన మార్గరెటె రాణి ఓడ అని కథ చెప్పుకునేవారు. 1962లో చుట్టూ ఇనప రేకుల గోడ కట్టి, నీళ్ళు తోడేసి, నాలుగు నెలల్లో అన్నీ పైకి తీశారు. వేలాది ముక్కలు. తొమ్మిది వందల ఏళ్ళు నానిన చెక్క ఎండితే ముడుచుకుని పొడైపోతుంది. అందుకని పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి ద్రవంలో ఏళ్ళ తరబడి నానబెట్టారు. నీళ్ళు పోయి మైనం మిగిలింది.

రెండో నంబరు ఓడ ముప్ఫై మీటర్ల యుద్ధనౌక. చెక్కలోని వలయాలు లెక్కపెట్టి, దీన్ని 1042లో ఐర్లండ్‌లోని డబ్లిన్ దగ్గర కట్టారని తేల్చారు. ఆ సంవత్సరం మన రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు. ఓడలో మిగిలింది నాలుగో వంతే. మిగతా ఆకారాన్ని ఇనప కడ్డీలతో చూపించారు. ఆ కడ్డీల మధ్య నల్లటి చెక్క ముక్కలు ఎండు చేప ముల్లుకు అతుక్కున్న కండలా ఉన్నాయి. దీని నమూనాగా ఇదే ఊళ్ళో పాత పనిముట్లతో ఒక ఓడ కట్టి, 2007లో తెడ్లూ తెరచాపా వేసుకుని డబ్లిన్ దాకా వెళ్ళారు, మరుసటి ఏడు తిరిగొచ్చారు.

బయట పడవలు కట్టే చోటు నాకు మ్యూజియం కన్నా నచ్చింది. తారు వాసన, చెక్క వాసన. వైకింగులు ఓడ చెక్కకు రంపం వాడలేదు. ఓక్ దుంగను మేకులు దింపి, పుచ్చకాయ ముక్కల్లా నిలువునా చీల్చేవారు. అలా చీలిస్తే చెక్క పోగు తెగదు, పల్చగా చెక్కినా గట్టిగా ఉంటుంది. ఒక పలక అంచు మీద ఇంకో పలక అంచు, మన పెంకుటిల్లు పెంకుల్లా ఎక్కించి ఇనప మేకులతో బిగిస్తారు. అందుకే అలకు ఓడ ఒంగుతుంది, విరగదు. బందరు రేవు నుంచి వచ్చినదాన్ని కదా, మా తీరంలోని మసూలా పడవలు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్క మేకు ఉండదు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఆ ఒంగే గుణం కోసమే. పనివాడికి సముద్రం చెప్పిన పాఠం ఒకటే, చేతిలో ఉన్న సరుకు వేరు.

మావారు పిల్లలతో పాటు నమూనా పడవలో తెడ్డు వేశారు. ఆ రాత్రి భుజానికి అమృతాంజనం నేనే రాశాను.

గురువారం, స్టాక్‌హోమ్

మాల్మో నుంచి నాలుగున్నర గంటల రైలు. చెవిలో ఇయర్‌ఫోన్స్ కలవక విసుక్కుంటున్న మావారికి చెప్పాను: ఆ బ్లూటూత్ పేరు ఇక్కడి రాజుదే. హరాల్డ్ బ్లూటూత్, 10వ శతాబ్దంలో డెన్మార్క్‌ని ఒక్కటి చేశానని యెల్లింగ్‌లో రాతి మీద చెక్కించుకున్నవాడు. ఆ గుర్తు కూడా అతని పేరులోని రెండు రూన్ అక్షరాలు కలిపిందే. “ఒక్కటి చేశాడన్నమాట బానే ఉంది, ఇది మాత్రం కలవట్లేదు” అన్నారు.

గురువారం థోర్ రోజు. రోము వాళ్ళ జూపిటర్, మన బృహస్పతి కూర్చున్న కుర్చీలో ఇక్కడ పిడుగుల దేవుడు. అందుకని మధ్యాహ్నం నేరుగా నేషనల్ మ్యూజియంకి వెళ్ళాం. మోర్టెన్ ఎస్కిల్ వింగె 1872లో వేసిన పెద్ద చిత్రం ఉందక్కడ: థోర్ రాక్షసులతో యుద్ధం. రెండు మేకలు లాగే రథం, పైకెత్తిన సుత్తి, వెనక మెరుపు. నడుముకున్న పట్టీ మీద స్వస్తిక్ గుర్తు! ఇది నాజీలు పుట్టకముందు వేసిన బొమ్మ. ఈ గుర్తు వైకింగుల కాలపు రాళ్ళ మీదా ఉంది. మన గడప మీదా, గల్లాపెట్టె మీదా ఉన్న గుర్తే. దాన్ని ఈ దేశాల్లో ఇప్పుడు బయట పెట్టలేరు. ఒక్కడి వల్ల ఎన్ని ఇళ్ళ గుర్తు పాడైపోయిందో.

ఆ మేకల కథ నాకు భలే ఇష్టం. థోర్ రాత్రి ఆ మేకల్నే కోసి వండుకు తింటాడు. ఎముకలు విరవకుండా చర్మం మీద వెయ్యాలి. పొద్దున సుత్తి ఎత్తి దీవిస్తే మేకలు లేచి నిలబడతాయి. ఓసారి ఒక రైతు ఇంట బస చేస్తే ఆ ఇంటి కుర్రాడు మూలుగ కోసం ఎముక చీల్చాడు. తెల్లారి ఒక మేక కుంటింది. తెలుగు ఇళ్ళలో మూలుగ బొక్క కోసం పిల్లలు పడే తగాదాలు చూసినవాళ్ళకు ఆ కుర్రాడి మీద కోపం రాదు.

ఇంకో కథలో థోర్ సుత్తిని ఒక రాక్షసుడు దొంగిలించి, ఫ్రేయా దేవిని పెళ్ళి చేస్తేనే ఇస్తానంటాడు. థోర్ పెళ్ళికూతురి వేషం వేసుకుని వెళ్ళి, విందులో ఒక ఎద్దునీ ఎనిమిది సాల్మన్ చేపల్నీ తినేస్తాడు. పెళ్ళికొడుకు బిత్తరపోతాడు. మన నాటకాల్లో కీచకుడి కోసం చీర ముసుగు కప్పుకున్న భీముడూ, బకాసురుడి బండెడన్నం లాగించిన భీముడూ ఒకేసారి వచ్చినట్టు. సినిమాల్లో చూపించే నున్నటి థోర్ కన్నా ఈ తిండిపోతు థోర్ నాకు నచ్చాడు.

మెట్ల హాల్లో గోడంతా ఆక్రమించిన చిత్రం కార్ల్ లార్సన్‌ది, ‘మిడ్‌వింటర్‌బ్లూట్’, అంటే నడి చలికాలపు బలి. ఆరు మీటర్లు పైబడిన ఎత్తు, పదమూడు మీటర్లు పైబడిన వెడల్పు. కరువొచ్చింది. మొదటి ఏడు ఎడ్లను బలిచ్చారు, రెండో ఏడు మనుషుల్ని, మూడో ఏడు ఉప్సాలా రాజు డొమాల్డెనే ఇచ్చారు. రాజు బట్టల్లేకుండా తల పైకెత్తి నిలబడ్డాడు. లార్సన్ దీన్ని ఈ గోడ కోసమే 1915లో పూర్తి చేస్తే వద్దన్నారు. కంచు యుగపు వస్తువులూ తర్వాతి కాలపు వస్తువులూ కలిపి కలగాపులగం చేశాడని విమర్శ. ఆయన ఆ దెబ్బకు చాలా బాధపడ్డాడు. చిత్రం చేతులు మారి, 1980ల్లో జపాన్‌కి అమ్ముడుపోయింది. 1997లో ఇదే మ్యూజియం డబ్బిచ్చి కొనుక్కుని, వద్దన్న గోడకే తగిలించింది.

నిజం చెప్పాలంటే చిత్రంగా నాకంత నచ్చలేదు. నగలెక్కువైన పెళ్ళికూతురిలా ఉంది. దాని కథ మాత్రం వదల్లేదు.

శుక్రవారం, హిస్టారిస్కా మ్యూజియం

శుక్రవారం ఫ్రిగ్ దేవిది, ఓడిన్ భార్య. మన శుక్రుడికీ వీనస్‌కీ జోడీ.

స్వీడన్ చరిత్ర మ్యూజియంలో నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఒక వేలెడంత బొమ్మ కోసం. ఎనిమిది సెంటీమీటర్లు దాటిన కంచు బుద్ధుడు, పద్మం మీద కూర్చుని. సుమారు 6వ శతాబ్దంలో వాయవ్య భారతంలో, ఇప్పటి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ ప్రాంతంలో చేసింది. 1956లో మెలారెన్ సరస్సులోని హెల్గో దీవిలో తవ్వకాల్లో దొరికింది. అదే దీవిలో ఐర్లండ్ బిషప్పు చేతికర్ర పిడి, ఈజిప్టు వైపు నుంచి వచ్చిన కంచు గరిటె కూడా దొరికాయి.

బందరు నుంచి అమరావతి ఎంతో దూరం లేదు. చిన్నప్పట్నుంచి బుద్ధుడి బొమ్మలు చూస్తూ పెరిగినదాన్ని. అయినా అంత చిన్న బుద్ధుడు అంత దూరంలో కనిపించేసరికి కళ్ళు చెమర్చాయి. ఎన్ని చేతులు మారాడో. నదుల వెంట, ఒంటెల మీద, ఓల్గా నది పడవల్లో, ఒక్కో చేతిలో ఒక్కో పేరుతో. చివర్లో అతన్ని కొన్నవాడికి అతనెవరో తెలిసే ఉండదు. కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉన్నాడని కొనుక్కుని ఉంటాడు. మావారు అద్దానికి దగ్గరగా వంగి, ఎవరూ చూడకుండా చెయ్యి గుండెకు ఆనించుకున్నారు.

పక్క గదిలో గోట్లండ్ దీవి నుంచి తెచ్చిన చిత్రశిల, షాంగ్విడెలో 1844లో దొరికింది. దాని మీద ఎనిమిది కాళ్ళ గుర్రం, మీద ఒక మనిషి, ఎదురొచ్చి పానపాత్ర అందిస్తున్న స్త్రీ. ఆ గుర్రం ఓడిన్ ఎక్కే స్లైప్‌నిర్. దాని పుట్టుక ఇంకా విచిత్రం: దేవతల్లో అల్లరివాడు లోకి, ఆడగుర్రం రూపమెత్తి దాన్ని కన్నాడు. ఈ కథ వింటే మోహినీ అవతారం గుర్తు రాని తెలుగువాళ్ళుండరు. ఎనిమిది కాళ్ళెందుకు అన్నదానికి ఒక పరిశోధకురాలు బస్తర్ మురియా గోండుల పాట చూపించారు. అందులో ఎనిమిది కాళ్ళ గుర్రమంటే పాడె. నలుగురు మోస్తే ఎనిమిది కాళ్ళు. ఓడిన్ చచ్చినవాళ్ళను తీసుకుపోయే దేవుడు కూడా కాబట్టి ఈ మాట నాకు అతికినట్టుంది. ‘నలుగురు’ అన్నమాటకు మనకున్న బరువు తెలిసినవాళ్ళకు ఇంకా బాగా అతుకుతుంది.

థోర్ సుత్తి లాకెట్లు వరసగా ఉన్నాయి, వెండివి, ఇనపవి. ఇలాంటివి వెయ్యి దాకా దొరికాయట. సుత్తికి బదులు ఇంకేదో వస్తువు కావచ్చని పండితులు వాదించుకుంటుండేవారు. 2014లో డెన్మార్క్ లోలాండ్ దీవిలో దొరికిన లాకెట్ మీద రూన్ లిపిలో ‘ఇది సుత్తి’ అని రాసి ఉంది. వాదన తీరింది. తమాషా ఏమిటంటే సుత్తి అనే మాటలో ఒక అక్షరం ఎగిరిపోయింది.

అది చదివి నాకు నవ్వాగలేదు. మా టిఫిన్ డబ్బా అలాంటిదే. మా అమ్మ కొన్న స్టీలు డబ్బా, మూత మీద పేరూ 1974 అనీ చెక్కించింది. అమ్మ పేరు వెంకటరత్నం. కొట్టువాడు ‘వెంకటరతం’ అని చెక్కాడు. అమ్మ మూడు రోజులు తిట్టుకుంది. ఆ డబ్బానే నేను స్వీడన్ తెచ్చాను.

శనివారం, బిర్కా

స్వీడిష్‌లో శనివారం ‘లోర్డాగ్’. అన్ని వారాలూ దేవుళ్ళవి కాగా ఇది స్నానాల రోజు, పాత మాటకు అర్థమే అది. మగవాళ్ళకు శనివారం తలంటు అనే మా ఇంటి ఆచారం చెబితే కోడలు ఫోన్‌లో నమ్మలేదు. డేన్లు శనివారం శనివారం స్నానం చేసి, రోజూ తల దువ్వుకుని మా ఆడవాళ్ళను బుట్టలో వేసుకుంటున్నారని ఇంగ్లండ్‌లో ఒక మఠం చరిత్రకారుడు వాపోయాడు. 922లో ఓల్గా ఒడ్డున రూస్ వర్తకుల్ని, అంటే తూర్పుకు వెళ్ళిన వైకింగుల్ని, చూసిన అరబ్బు ఇబ్న్ ఫద్లాన్ మాత్రం, ఒకే గిన్నెలో నీళ్ళతో అందరూ వరసగా మొహం కడిగి, అందులోనే చీదుతారని అసహ్యించుకున్నాడు. అడిగేవాణ్ణి బట్టి సాక్ష్యం.

స్టాక్‌హోమ్ సిటీ హాల్ దగ్గర్నుంచి బిర్కాకు పడవలో సుమారు రెండు గంటలు. మెలారెన్ సరస్సు, గెఫియన్ దున్నిన గుంట! అప్పట్లో ఇది సముద్రపు పాయ. 8వ శతాబ్దం మధ్య నుంచి 10వ శతాబ్దం చివరి దాకా ఇక్కడ పట్నముండేది. ఇప్పుడు గడ్డి, గొర్రెలు, గాలి. సమాధి దిబ్బలు మాత్రం మూడు వేల దాకా, పచ్చటి పుండ్లలా. 1870ల్లో యాల్మార్ స్టోల్పె అనే కీటక శాస్త్రజ్ఞుడు, అంబర్‌లో, అంటే రాయిలా గట్టిపడిన చెట్టు జిగురులో, చిక్కుకున్న పురుగుల కోసం ఇక్కడికొచ్చి, నేల చూసి పురుగుల్ని మరిచిపోయాడు. ఆయన పదకొండు వందల సమాధుల దాకా తవ్వాడు. అరబ్బు వెండి నాణేలు, చైనా పట్టు పోగులు, ఎర్రటి కార్నేలియన్ పూసలు.

1878లో తవ్విన ఒక సమాధిలో కత్తి, గొడ్డలి, బల్లేలు, బాణాలు, డాళ్ళు, రెండు గుర్రాలు, ఒళ్ళో ఆట పావులు దొరికాయి. నూట ముప్ఫై ఏళ్ళు పైగా పుస్తకాలన్నీ గొప్ప వీరుడనే రాశాయి. 2017లో డీఎన్ఏ చూస్తే ఆడమనిషి. వెంటనే కొందరు పండితులు ఆయుధాలుంటే యోధురాలే అని ఎలా చెప్తామన్నారు. నూట ముప్ఫై ఏళ్ళూ ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు. నాకు కోపం రాలేదు, తెలిసిన కోపమే కాబట్టి.

చెక్క రేవు మీద కూర్చుని పులిహోర తిన్నాం. వాన మొదలైంది. నేను గొడుగు తీస్తుంటే మోచెయ్యి తగిలి డబ్బా మూత దొర్లి, పలకల సందులోంచి నీళ్ళలో పడింది. మూడు నాలుగు అడుగుల లోతే ఉంటుంది కానీ అడుగంతా నల్లటి బురద. మావారు పొట్ట మీద పడుకుని చెయ్యి పెట్టి వెతికారు. ఒక స్వీడిష్ పిల్లాడు వల తెచ్చి సాయం చేశాడు. దొరకలేదు. పడవ కూత వేసింది. తిరుగు ప్రయాణంలో రెండు గంటలూ నేను మాట్లాడలేదు. మావారు కూడా ‘పోనీలే’ అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

ఆదివారం, గామ్లా ఉప్సాలా

రైలు, తర్వాత బస్సు. మూడు పెద్ద మట్టి దిబ్బలు వరసగా. రాజులవని పేరు, 6వ 7వ శతాబ్దాల నాటివి. 19వ శతాబ్దంలో తవ్వి చూస్తే కాలిన ఎముకలూ, మంటకు కరిగిన సామాన్ల తునకలూ దొరికాయి.

ఇక్కడే బంగారంతో మెరిసే గుడి ఉండేదని 1070ల్లో జర్మన్ మతాచార్యుడు ఆడం రాశాడు. మధ్యలో థోర్, అటూ ఇటూ ఓడిన్, ఫ్రేయర్. తొమ్మిదేళ్ళకోసారి ఉత్సవం, ప్రతి జాతిలో తొమ్మిది మగ ప్రాణుల్ని, మనుషులతో సహా, చెట్లకు వేలాడదీసేవారట. ఆయన చూసి రాయలేదు, విని రాశాడు. గుడి ఆనవాలు నేటికీ ఎవరికీ గట్టిగా దొరకలేదు. పెద్ద శాల పునాదులూ, రైలు మార్గం పనుల్లో బయటపడిన దాదాపు కిలోమీటరు పొడుగు స్తంభాల గుంటల వరసా దొరికాయి. గుడి ఉండాల్సిన చోట పాత చర్చి ఉంది.

ఇన్ని కథలు మరి మనకెలా తెలిశాయంటే, గుళ్ళున్న చోటు నుంచి కాదు. దూరంగా ఐస్‌లాండ్‌లో, క్రైస్తవులైన రెండు వందల ఏళ్ళ తర్వాత, స్నోరి స్టుర్లుసన్ అనే పెద్దమనిషి కవులకు పాఠ్యపుస్తకంగా రాశాడు కాబట్టి. పాత కథ తెలియకపోతే పాత పద్యంలో ఉపమానం అర్థం కాదని ఆయన బాధ. థోర్ పెళ్ళికూతురి వేషం కథ ఉన్న పద్యాలైతే 13వ శతాబ్దపు ఒకే ఒక్క చర్మపత్ర ప్రతిలో మిగిలాయి. ఒక బిషప్పు 1662లో డెన్మార్క్ రాజుకు కానుకగా పంపాడు. 1971లో దాన్ని ఐస్‌లాండ్‌కి తిరిగిచ్చేటప్పుడు విమానంలో పంపడానికి భయపడి యుద్ధనౌకలో పంపారు. రేవులో జనం వేలల్లో నిలబడ్డారు. నలభై అయిదు ఆకులు.

దిబ్బల పక్కనున్న హోటల్లో కొమ్ములో పోసి మీడ్ ఇస్తారు, తేనెతో పులియబెట్టిన పానీయం. మావారికి షుగర్. రెండు గుక్కలు తాగి కొమ్ము నాకిచ్చారు. తర్వాత ఏమనుకున్నారో, ఖాళీ కొమ్మును నెత్తిమీద పెట్టుకుని ఫొటో తీయమన్నారు. ఒకటే కొమ్ము కాబట్టి ఖడ్గమృగంలా వచ్చారు.

రాత్రి బాగా పొద్దుపోయి మాల్మో చేరాం. కోడలు సామాన్లు సర్దుతూ డబ్బా బయటికి తీసింది. పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

“అత్తయ్యా, మూతేదీ?”

నేను చెప్పేలోపు మావారు బూట్లు విప్పుతూ అన్నారు: “బిర్కాలో ఉందమ్మా. మీ అత్తయ్య వాళ్ళమ్మ పేరు తప్పు రాశాడని పండితులు కొట్టుకుంటారు, చూస్తుండు.”